ఆర్మూరు డాక్టరు, మునెమ్మ వెదుకులాట

తెలుగులో అపరాధ పరిశోధక నవలల చరిత్ర చెప్పేవాళ్లు తెనాలి దగ్గరో మద్రాసు దగ్గరో మొదలుపెడతారు. ఆర్మూరు పేరు ఎవరూ ఎత్తరు. నిజామాబాదు జిల్లాలో ఆ ఊరికున్న గుర్తింపు వేరు. పసుపు, ఎర్రజొన్న, నవనాథ సిద్ధులు వెలిసిన గుట్ట, 44వ నంబరు జాతీయ రహదారి 63వ నంబరు రహదారిని దాటే కూడలి. పక్కనే విత్తనాల సాగుకు పేరుమోసిన అంకాపూర్. పంట, బేరం, రోడ్డు చుట్టూ తిరిగే ఊరది. ఆ ఊళ్లో రోగుల్ని చూసుకుంటూ గడిపిన ఒక డాక్టరు 2008లో ఒక హత్య కథను పుస్తకంగా తెచ్చారు. మొగుడు ఇల్లు దాటి వెళతాడు, తిరిగి రాడు. చంపిందెవరో తెలియదు. పెళ్లాం వెతకడానికి బయల్దేరుతుంది. ఆ నవల 'మునెమ్మ'. ఆ డాక్టరు కేశవరెడ్డి.

ఆయన్ని చిత్తూరు మాండలిక నవలాకారుడన్నారు. దళితుల బతుకు రాసినవాడన్నారు. మ్యాజిక్ రియలిస్టు అని కూడా అన్నారు. ఏదీ తప్పు కాదు. అయితే మిస్టరీ నవలాకారుడని మాత్రం ఎవరూ అనలేదు. ఆ పేరు పెడితే ఆయన స్థాయి తగ్గుతుందని భయపడ్డారేమో. నా మటుకు నాకు కేశవరెడ్డి తెలుగులో ఉత్కంఠ అనే శిల్పాన్ని అందరికంటే శ్రద్ధగా సాధన చేసిన రచయిత. ఆయన నవలలు అన్నింటినీ ఒక వరసలో పెట్టి చూస్తే అన్నిట్లోనూ ఒక వెదుకులాట ఉంది, అన్నిట్లోనూ ఒక చావు పొంచి ఉంది, ఆఖరి పేజీ దాకా పాఠకుణ్ని కట్టిపడేసే ఒక్క ప్రశ్న ఉంది. ఇవి మిస్టరీ నవలకు ఉండాల్సిన లక్షణాలు. వాటిని పట్టించుకోకుండా ఆయన్ని చదివితే సగమే చదివినట్టు.

ఆయన ఏ దారిలో వచ్చారో తెలియాలంటే ముందు ఆ దారి ఎలా పడిందో చూడాలి. తెలుగువాళ్లకు అపరాధ పరిశోధన రుచి మరిగి నూరేళ్లు దాటింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే బెంగాలీ రచయిత పాంచ్‌కడీ దే నవలలు తెలుగులోకి దిగుమతి అయ్యాయి. దేవరాజు వేంకటకృష్ణారావు రాసిన 'వాడే వీడు' అదే కాలపు పాఠకుల్ని ఊపేసింది. అసలు ఊపు మాత్రం 1950లు, 60లలో వచ్చింది. చవక కాగితం మీద, కళ్లు చెదిరే ముఖచిత్రాలతో, జేబులో పట్టే నవలలు రైల్వే స్టేషన్లలో, బస్టాండ్లలో, అద్దె లైబ్రరీల్లో చేతులు మారాయి. ఆ కాలానికి రాజు కొమ్మూరి సాంబశివరావు. 1926లో తెనాలిలో పుట్టి 1994లో పోయిన కొమ్మూరి సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ పేరు తెలియని ఇల్లు ఆ రోజుల్లో తెలుగునాట అరుదు. యుగంధర్ వెంట అసిస్టెంటు రాజు ఉంటాడు, సెక్రటరీ కాత్యాయని ఉంటుంది, పోలీసుల తరఫున ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు ఉంటాడు. 'లక్షాధికారి హత్య', 'చావుకేక' లాంటి పేర్లు వింటేనే అప్పటి పాఠకులకు వెన్నులో చలి పుట్టేది. కవిగా, పరిశోధకుడిగా పండితులు నెత్తిన పెట్టుకునే ఆరుద్ర కూడా 'పలకల వెండి గ్లాసు' లాంటి డిటెక్టివ్ నవలలు రాశారు. జంపన, కొవ్వలి, టెంపోరావు, గిరిజశ్రీ భగవాన్ ఇంకా ఎందరో ఈ దారిలో నడిచారు. తర్వాతి తరంలో మధుబాబు 'షాడో' వచ్చి పరిశోధన స్థానంలో గూఢచర్యాన్ని, సాహసాన్ని కూర్చోబెట్టాడు. యండమూరి, మల్లాది వారపత్రికల ధారావాహికల్లో ఉత్కంఠకు కొత్త మెలికలు నేర్పారు. ఆ తర్వాత టీవీ వచ్చింది, అద్దె లైబ్రరీలు మూతపడ్డాయి.

కొమ్మూరిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. తెలుగులో లక్షలమందికి చదవడం అలవాటు చేసినవాళ్లలో ఆయన ముందువరసలో ఉంటారు. చిన్న వాక్యం, చకచకా సాగే సంభాషణ, అధ్యాయం చివర వదిలిపెట్టే కొక్కెం ఆయన దగ్గర నేర్చుకోని జనరంజక రచయిత ఆ తరంలో కనపడడు. అయితే యుగంధర్ లోకానికి ఒక ఎల్ల ఉంది. అది నగరం. అక్కడ టెలిఫోను మోగుతుంది, కారు బయల్దేరుతుంది, బంగళాలో శవం ఉంటుంది, చచ్చినవాడికి ఆస్తి ఉంటుంది, వీలునామా ఉంటుంది. డబ్బున్నవాడు చస్తేనే డిటెక్టివ్ వస్తాడు. పల్లెలో కూలివాడో చిన్నరైతో చస్తే ఆ కబురు యుగంధర్ ఆఫీసు దాకా చేరే దారే లేదు. తెలుగు అపరాధ పరిశోధక సాహిత్యం అరవై డెబ్బై ఏళ్లపాటు ఈ ఎల్లను దాటి పెద్దగా పోలేదు.

అటుపక్క సీరియస్ సాహిత్యం ఉంది. అక్కడ నేరం లేక కాదు. రావిశాస్త్రి సారా కథల్లో కోర్టుంది, పోలీసుంది, దొంగసాక్ష్యముంది. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' ఒక హత్యతో ముగుస్తుంది. అయితే వాళ్లు నేరం ఎవరు చేశారని అడగరు. నేరం చేయించిన వ్యవస్థ ఏదని అడుగుతారు. పెద్ద ప్రశ్నే. కానీ 'ఎవరు' అన్న ప్రశ్నకుండే పదును, పాఠకుడి మెడపట్టి లాక్కుపోయే వేగం ఆ కథలకు అక్కర్లేకపోయింది. ఇలా తెలుగు కథనం రెండుగా చీలిపోయింది. 'ఎవరు' అని అడిగే నవలలు బస్టాండుకు, 'ఎందుకు' అని అడిగే నవలలు విశ్వవిద్యాలయానికి వెళ్లాయి. ఈ రెండు ప్రశ్నల్నీ ఒకే నోటితో అడిగిన రచయిత కేశవరెడ్డి.

ఆయన 1946లో చిత్తూరు జిల్లా తలపులపల్లిలో పుట్టారు. పాండిచ్చేరిలో వైద్యం చదివారు. ఉద్యోగం మాత్రం పుట్టిన సీమకు ఎంతో దూరంగా నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో, కుష్ఠు రోగుల ఆసుపత్రిలో చేశారు. ఆ ఆసుపత్రి గురించి నాలుగు మాటలు చెప్పాలి. స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో దాన్ని మొదలుపెట్టారు. నిజామాబాదుకు చెందిన నర్సాగౌడ్ దానికి విరాళమిచ్చి అండగా నిలిచారు. కుష్ఠు పేరు చెబితే ఊళ్లకు ఊళ్లు మొహం తిప్పుకున్న కాలమది. రోగం వచ్చినవాణ్ని చంపరు, పొలిమేర దాటిస్తారు. బతికుండగానే కర్మ చేసేసినట్టు చూస్తారు. డిచ్‌పల్లి ఆవరణలో తలదాచుకున్న వేలమంది అలా ఊరు వెళ్లగొట్టినవాళ్లే. ఆ రోగులతోనే డాక్టర్ కేశవరెడ్డి ఉద్యోగ జీవితం గడిచింది. అదే రోడ్డు మీద ఉత్తరానికి పోతే వచ్చే ఆర్మూరులోనూ ఆయన వైద్యం చేశారు. 2015 ఫిబ్రవరి 13న కన్నుమూశారు.

కుష్ఠు వైద్యం చేసే మనిషి చేతిలో ఉండే పని డిటెక్టివు పనికి చాలా దగ్గర. ఈ రోగానికి మూలమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుక్కున్నాడు. అది ఒంట్లో చేరాక బయటపడటానికి సగటున ఐదేళ్లు పడుతుంది. కొందరిలో ఇరవై ఏళ్లు కూడా పట్టవచ్చు. నేరం ఎప్పుడో జరిగిపోతుంది, ఆనవాలు ఎప్పటికో పైకి తేలుతుంది. చర్మం మీద కాస్త పాలిపోయిన మచ్చ. దూదిపోగుతో తాకితే అక్కడ స్పర్శ తెలియదు. మోచేతి దగ్గర నరం వేళ్లకు లావుగా తగులుతుంది. రోగి భయంతోనో సిగ్గుతోనో సగం దాస్తాడు. డాక్టరు ఆ మూడు నాలుగు గుర్తుల్ని పట్టుకుని వెనక్కి నడవాలి. తొందరపడి పేరు పెడితే ఒక కుటుంబం కూలిపోతుంది, ఆలస్యం చేస్తే వేళ్లు పోతాయి. 1980ల తొలి ఏళ్లలో బహుళ ఔషధ చికిత్స వచ్చాక ఈ రోగం పూర్తిగా నయమయ్యేదైంది కానీ ముందుగా గుర్తుపట్టే చూపు అవసరం మాత్రం తగ్గలేదు.

ప్రపంచంలో మిస్టరీ కథకు వైద్యంతో ఉన్న చుట్టరికం పాతదే. 1887లో షెర్లాక్ హోమ్స్‌ను పుట్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ డాక్టరు. రోగి నోరు విప్పకముందే అతని వృత్తి, ఊరు చెప్పేసే తన ఎడింబరో గురువు జోసెఫ్ బెల్ నుంచే ఆయన హోమ్స్ చూపును తెచ్చుకున్నాడు. అంతకంటే ఆసక్తికరమైనది చెకోవ్ సంగతి. ఆయన వైద్యపట్టా పుచ్చుకున్న 1884లోనే ఆయన రాసిన హత్యానవల ఒకటి పత్రికలో ధారావాహికగా మొదలైంది. కథలకు, నాటకాలకు లోకమంతా దండం పెట్టే చెకోవ్ నవలంటూ రాసింది హత్య మీద అన్న సంగతి చాలామంది సాహిత్యాభిమానులకు తెలియదు. కేశవరెడ్డిని ఈ వరసలో నిలబెట్టి చూడటం అతిశయోక్తి కాదు. ఆయన వాక్యంలో వైద్యుడి చూపు కనిపిస్తుంది. గాయం ఎక్కడైంది, రక్తం ఎటు కారింది, ఊపిరి ఎలా ఆడుతోంది, అలసిన కండరం ఎప్పుడు వణుకుతుంది, ఇవన్నీ ఆయన కొలిచినట్టు రాస్తారు. సానుభూతి మాటలు వాడరు.

ఒక సంగతి మాత్రం పాఠకుల్ని ఇప్పటికీ ఆలోచనలో పడేస్తుంది. ఇన్నేళ్లు నిజామాబాదు జిల్లాలో బతికిన మనిషి నవలలన్నీ చిత్తూరు పల్లెల్లోనే ఎందుకు నడిచాయి? ఆర్మూరు పసుపు చేలు, డిచ్‌పల్లి వార్డులు ఆయన నవలల్లో కథాస్థలాలు కావు. నాకు తోచిన జవాబు ఇది: దూరంగా ఉండటం వల్లే తలపులపల్లి ఆయనకు చెడిపోకుండా నిలిచింది. రోజూ తెలంగాణ మాట చెవిన పడుతుంటే చిన్ననాటి చిత్తూరు యాస లోపల మరింత గట్టిపడి ఉంటుంది. అక్కడే ఉండిపోయినవాళ్ల యాస కాలంతోపాటు మారింది, ఆయనది 1950ల దగ్గరే ఆగింది. ఆయన కథలు చాలావరకు జరిగేది కూడా ఆ కాలంలోనే. విద్యుత్తు రాని, బస్సు అరుదైన, చీకటి పడితే అడవి ఊరిదాకా వచ్చే కాలం. మిస్టరీ కథకు అంతకంటే మంచి కాలం దొరకదు.

ఆయన నవలల జాబితా పెద్దది కాదు. 1970ల చివరి నుంచి 'ఇన్‌క్రెడిబుల్ గాడెస్', 'స్మశానం దున్నేరు', 'రాముడుండాడు రాజ్జిముండాది' వచ్చాయి. ఊరు, వాడ, భూమి, కరువు ఈ నవలల సరుకు. వైద్య విద్యార్థి దేవీదాసు మనసులో తిరిగే 'సిటీ బ్యూటిఫుల్' వేరే జాతి. చైతన్య స్రవంతిలో రాసిన ఆ నవల గొప్పదే కానీ ఆ పద్ధతిని ఆయన మళ్లీ కొనసాగించలేదు, కొనసాగించకపోవడమే మంచిదైంది. ఎందుకంటే ఆ తర్వాత వచ్చిన 'అతడు అడవిని జయించాడు' ఆయనకు తన సొంత దారిని చూపించింది.

పందుల్ని మేపుకునే ముసలివాడు. మందలో ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది ఒకటి సాయంత్రానికి ఇంటికి రాదు. దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. పొద్దుగూకుతుంది. ఇంతే కథ. ముసలివాడికి పేరు కూడా లేదు. హెమింగ్వే 1952లో ప్రచురించిన 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ'తో దీన్ని పోల్చడం మామూలైంది. పోలిక న్యాయమే కానీ అక్కడితో ఆపేస్తే మన రచయితకు అన్యాయం. హెమింగ్వే ముసలివాడి చేప అతని గాలానికే తగులుకుని ఉంది. కేశవరెడ్డి ముసలివాడికి ముందు జాడే తెలియాలి. గిట్టల గుర్తులు, విరిగిన కొమ్మ, గాలిలో వాసన, దూరంగా నక్కల అలికిడి. వీటితోనే పుస్తకం సాగుతుంది. పంది దొరికాక అసలు ఇరకాటం మొదలవుతుంది. పిల్లల్ని పెట్టిన తల్లి, యజమానినే దగ్గరికి రానివ్వదు. చుట్టూ ఆకలిగొన్న జంతువులు. రాత్రంతా ముందుంది. ఎవరు ఎవర్ని కాపాడతారు, ఎవరు ఎవర్ని చంపుతారు? నూరు చిల్లర పేజీల నవలలో ఈ ప్రశ్న ఒక్క క్షణం కూడా వదులు కాదు. కొమ్మూరి నవలల్లో అధ్యాయం చివర వచ్చే ఉలికిపాటు ఇక్కడ ప్రతి వాక్యం కింద సన్నగా మోగుతూనే ఉంటుంది. నేషనల్ బుక్ ట్రస్టు దీన్ని ఎన్నో భారతీయ భాషల్లోకి తీసుకుపోయింది. ఏ భాషకు పోయినా ఇది నిలబడుతుంది, ఎందుకంటే దీని బలం యాసలోనే లేదు, కట్టుబడిలో ఉంది.

'మూగవాని పిల్లనగ్రోవి' ఒంటిల్లు బక్కిరెడ్డి అనే రైతు కథ. భూమి చేజారిన రైతు దాన్ని వదిలి పోలేకపోతాడు. చావు తర్వాత కూడా ఆ భూమికీ అతనికీ ముడి తెగదు. ఊరికి అంతుపట్టని వింతలు ఎదురవుతాయి, జనం వాటికి అర్థం వెతుక్కుంటారు. దీన్ని జానపద గాథగా చదవవచ్చు. నేను మాత్రం దీన్ని విచారణగా చదువుతాను. ఒక మనిషి చావుకు ఊరంతా బాధ్యత వహించాల్సి వచ్చినప్పుడు ఊరు సాక్షి అవుతుందా, ముద్దాయి అవుతుందా అన్నది ఈ నవల లోపలి ప్రశ్న. కేశవరెడ్డి తానే దీన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2013లో ప్రచురించింది. చిన్న పట్నంలో వైద్యం చేసుకునే తెలుగు రచయిత తన నవలను తానే పొరుగు భాషలో పలికించి అంత దూరం పంపడం మన సాహిత్యంలో తరచూ జరగదు.

యానాదుల బతుకును పట్టిన 'చివరి గుడిసె' దగ్గర కాసేపు ఆగాలి. డిటెక్టివ్ నవల అంతా ఒక నమ్మకం మీద నడుస్తుంది: నేరం చేసినవాడొకడు ఉంటాడు, మిగతావాళ్లంతా నిర్దోషులు, పరిశోధకుడు ఆ ఒక్కణ్ని వేరు చేసి చూపిస్తాడు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. ఒక కులంలో పుడితే చాలు, నేరస్థుడే. దొంగతనం జరిగిందా, ముందు ఆ గుడిసెల్నే తొక్కు. హాజరు వేయించుకోని రాత్రి ఉండదు. ఎరుకలు, యానాదులు, లంబాడీలు ఇలా ఎన్నో తెగలు ఒక్కో ప్రాంతంలో ఈ ముద్ర మోశాయి. మద్రాసు రాష్ట్రం 1947లో చట్టాన్ని ఎత్తేసింది, దేశమంతటా 1952 నాటికి రద్దయింది. పోలీసు చూపులో మాత్రం అంత త్వరగా రద్దు కాలేదు. ఇలాంటి మనుషుల్ని కథానాయకులుగా తీసుకున్న రచయితకు యుగంధర్ లాంటి డిటెక్టివ్ పనికిరాడు. పోలీసులకు స్నేహితుడైన పరిశోధకుడు ఆ గుడిసె ముందు నిలబడితే అక్కడివాళ్లకు అతను రక్షకుడిలా కనపడడు. తెలుగు మిస్టరీ నవల పల్లెకు ఎందుకు రాలేదో, వస్తే ఏ రూపంలో రావాలో ఇక్కడ అర్థమవుతుంది. పరిశోధన చేసే మనిషి మారాలి.

ఆ మార్పే 'మునెమ్మ'.

జయరాముడు రైతు. అతని ఇంట్లో బొల్లిగిత్త ఉంది. తల్లి, పెళ్లాం మునెమ్మ ఉన్నారు. ఒక రోజు గిత్త మునెమ్మ పట్ల ప్రవర్తించిన తీరు చూసి అతనికి ఒళ్లు మండుతుంది. జంతువు మీద అనుమానమా, ఆడదాని మీద అనుమానమా, తన మగతనం మీద అనుమానమా, పుస్తకం విప్పి చెప్పదు. గిత్తను చావబాదుతాడు. అమ్మేస్తానని పశువుల పరసకు తోలుకుపోతాడు. గిత్త ఒక్కటే తిరిగొస్తుంది. మనిషి రాడు. మునెమ్మ మొగుణ్ని వెతుక్కుంటూ, తర్వాత అతని చావుకు కారణమైనవాళ్లను వెతుక్కుంటూ బయల్దేరుతుంది. తోడుగా సినబ్బ అనే కుర్రాడు, వెంట గిత్త.

ఇందులో డిటెక్టివ్ నవలకుండే అంగాలన్నీ ఉన్నాయి, అన్నిటి స్థానమూ మారింది. కథ చెప్పేది సినబ్బ. హోమ్స్‌కు వాట్సన్, యుగంధర్‌కు రాజు ఎలాగో మునెమ్మకు సినబ్బ అలాగ. పక్కనే ఉంటాడు, అన్నీ చూస్తాడు, వదిన మునెమ్మ మనసులో ఏముందో మాత్రం అతనికి ఆలస్యంగా తెలుస్తుంది, మనకూ అతని ద్వారానే తెలుస్తుంది. వాట్సన్ పద్ధతిని ఇంత ఒడుపుగా తెలుగు పల్లెకు తెచ్చినవాళ్లు మరొకరు లేరు. పరిశోధకురాలు చదువుకోని పల్లెటూరి ఆడది. ఆమె దగ్గర తుపాకి లేదు, కారు లేదు, ఇన్‌స్పెక్టరు స్నేహితుడు లేడు. ఆమె అడిగే ప్రశ్నలు మామూలు ప్రశ్నలే. గిత్తను ఎవరు బేరం చేశారు, ఎంతకు, ఎవరి చేతికి డబ్బు వచ్చింది, ఆ డబ్బు ఎక్కడికి పోయింది. హత్య వెనక ఉన్నది ఆస్తుల వీలునామా కాదు, ఒక పశువు ఖరీదు. ఆ కాస్త డబ్బుకు మనిషి ప్రాణం పోతుందన్న సంగతిని ఆమె ఏడుస్తూ కూర్చోకుండా తేల్చుకోవడానికి బయల్దేరడమే నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది.

మరి సాక్షి ఎవరు? గిత్త. జరిగింది చూసినది అదొక్కటే, దానికి నోరు లేదు. ప్రపంచ మిస్టరీ సాహిత్యం మొదటినుంచీ జంతువుకు చోటిచ్చింది. ఎడ్గార్ అలన్ పో 1841లో రాసిన, తొలి డిటెక్టివ్ కథగా లెక్కించే కథలో చంపింది ఒరాంగుటాన్ అనే వానరం. డాయిల్ 1892లో రాసిన గుర్రప్పందెం కథలో రాత్రి కుక్క మొరగకపోవడమే దొంగను పట్టించింది. అయితే పో వానరానికి, డాయిల్ కుక్కకు తమ పాత్ర ఏమిటో తెలియదు. వాటి నుంచి అర్థం పిండుకునేవాడు మనిషి. కేశవరెడ్డి గిత్త అలా కాదు. అది జాడ పట్టి నడుస్తుంది, మునెమ్మ దాని వెనక నడుస్తుంది. పరిశోధనలో అది సగం భాగస్వామి. పశువుతో పుట్టి పెరిగిన రైతు ఇంట ఇది వింత కాదు. ఎద్దుకు దారి తెలుసని బండి మీద నిద్రపోయిన తాతలు మనందరికీ ఉన్నారు.

ఇక కల సంగతి. మునెమ్మకు వచ్చే కల కథలో ఆనవాలుగా పనిచేస్తుంది. ఇంగ్లండులో ఫాదర్ రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథకు పది నియమాలు రాశాడు. మానవాతీత శక్తుల సాయం తీసుకోకూడదన్నది అందులో ఒకటి. ఆ లెక్కన 'మునెమ్మ' నియమం తప్పింది. నేను దీని మీద చాలాకాలం తర్జనభర్జన పడ్డాను. ఇప్పుడు నా అభిప్రాయం ఇది: నాక్స్ నియమం పాఠకుడితో న్యాయంగా ఆడటానికి పెట్టింది. కేశవరెడ్డి పాఠకుణ్ని మోసం చేయలేదు. కల వచ్చిన సంగతి ముందే మన ముందు పెట్టారు, అది నిజమవుతుందో లేదో మునెమ్మతోపాటు మనమూ నడిచి తేల్చుకోవాలి. ఆ పల్లెలో కల కూడా ఒక కబురే.

నవల వచ్చినప్పుడు పెద్ద చర్చే జరిగింది. స్త్రీ కోరికను రాసిన తీరు మీద, గిత్తకూ మునెమ్మకూ మధ్య ఉన్న బంధం మీద, మొగుడి హింసను ఆమె అంత సులువుగా ఎలా దాటేసిందన్న దాని మీద స్త్రీవాదులూ ఇతరులూ ఘాటుగా వాదించారు. ఆ ప్రశ్నల్లో కొన్నిటికి బలముంది. తనను అనుమానించిన మనిషి కోసం ఆమె ఇంత దూరం ఎందుకు నడిచిందన్నది నవల పూర్తిగా తేల్చదు. నాకు అది లోపంగా కంటే ధైర్యంగా కనిపిస్తుంది. హంతకుల వ్యక్తిత్వాలు పలచగా ఉన్నాయన్నది మాత్రం నా ఫిర్యాదు. మంచి హత్యానవలలో దోషి మీద కూడా మనకు ఒక్క క్షణం జాలి కలగాలి, ఇక్కడ కలగదు. చివరికి వాళ్లకు ఏమవుతుందో చెప్పను. మిస్టరీ నవల గురించి రాసేవాళ్లు పాటించాల్సిన కనీస మర్యాద అది, 'మునెమ్మ' విషయంలో మన విమర్శకులు చాలామంది దాన్ని పాటించలేదు. మొదటి పేరాలోనే ముగింపు చెప్పేశారు. దాన్ని మిస్టరీగా గుర్తించి ఉంటే ఆ పని చేసేవారు కాదు.

ఆర్మూరు పాఠకుడు ఈ నవలను చదివితే యాస కొత్తగా ఉంటుంది కానీ లోకం కొత్తగా ఉండదు. పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ చేసి సంచుల్లో నింపి నిజామాబాదు యార్డుకో మహారాష్ట్రలోని సాంగ్లికో తీసుకుపోతే అక్కడ ధర చెప్పేది పండించినవాడు కాదు. అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడిన మనిషి చేతిలో పైసలు ఎలా తరుగుతాయో ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న ధరల కోసం 178 మంది రైతులు నిజామాబాదు స్థానంలో నామినేషన్లు వేసి బరిలో నిలబడింది ఆ కోపంతోనే. మొత్తం అభ్యర్థులు 185 మంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా మొదలైంది. జయరాముడు పరసకు తోలుకుపోయిన గిత్తకూ, రైతు యార్డుకు తెచ్చిన పసుపు సంచికీ మధ్య ఉన్న దగ్గరతనం గురించి కేశవరెడ్డి ఎక్కడా రాయలేదు. రాయకపోయినా, బేరం జరిగే చోట చిన్నమనిషి ఎంత ఒంటరివాడో ఆయనకు తెలుసునన్నది 'మునెమ్మ' ప్రతి పేజీలో ఉంది.

ఇంత రాశాక నాకు రెండు కోరికలున్నాయి. తెలుగు అపరాధ పరిశోధక సాహిత్యం మీద ఇకముందు సంకలనం వేసేవాళ్లు, సిద్ధాంత వ్యాసం రాసేవాళ్లు కొమ్మూరి పక్కన కేశవరెడ్డికి ఒక అధ్యాయం ఇవ్వాలి. ఒకరి పక్కన ఒకరు చిన్నబోరు. రెండోది ఆర్మూరు వాళ్లకు. మీ ఊళ్లో వైద్యం చేసిన మనిషి తెలుగు నవలకు చేసిన పని మీ పిల్లలకు తెలియాలి. మీ గ్రంథాలయంలో ఆయన పుస్తకాలన్నీ ఒక అరలో ఉన్నాయో లేదో వెళ్లి చూడండి, లేకపోతే తెప్పించమని అడగండి. హైదరాబాద్ బుక్ ట్రస్టు ప్రచురించిన 'మునెమ్మ' చిన్న పుస్తకం, ఒక్క రాత్రి చాలు. ముందుమాట చివర చదవండి.